పేట బడికి తాళం పడనియ్యొద్దు

(ఏప్రిల్ 14న కృష్ణా డెల్టాలోని ఒక దళితపేటలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో, అదే పేటలో పుట్టిన ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)



నన్ను బాబాసాహెబ్ గురించి మాట్లాడమన్నారు. నేను ఈ వేదిక ఎనకమాల ఉన్న మన బడి గురించి మాట్లాడతాను. రెండూ వేరు కాదు. గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదువుకున్న మనిషికి దండేసి, మన బడికి తాళం పడుతుంటే చూస్తా ఊరుకుంటే ఆ దండకి అర్థం లేదు.

మా అమ్మ నాట్లేసే మనిషి. మా నాన్న పాలేరు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. ఆ సంతకం నేర్పింది ఈ బడే. ఒక్క గది, ఒక్క పంతులు, అయిదు తరగతులు. వానొస్తే గోడ వారకి జరిగి కూర్చునేవాళ్ళం. నాట్ల రోజుల్లో తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేదాన్ని. పంతులుగారు పొమ్మనలేదు. అమ్మ చేలో నడుమెత్తి చూస్తే బడి కనపడేది. బడి పేటలో ఉంది గాబట్టి నేను చదివాను. ఊరవతల ఉంటే ఇవాళ నేను కూడా నాటులోనే ఉండేదాన్ని.

డెల్టాకి 1855లో బెజవాడ ఆనకట్ట వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పొలం బంగారం పండింది. ఎవరికి? గట్టు మీద నిలబడ్డోళ్ళకి. బురదలో వంగినోళ్ళకి కూలి దక్కింది. ఆ పంటల మిగులే బెజవాడలో సినిమా హాళ్ళయింది, కార్పొరేట్ కాలేజీలయింది. మన చెమటతో కట్టిన చదువుని ఇవాళ మనకే ఫీజు కట్టించుకుని అమ్ముతున్నారు.

మన పెద్దలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1917లో అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ పెట్టుకున్నారు. పంచములు అన్న పేరు మాకొద్దు, ఈ నేలకి మొదటి బిడ్డలం మేమే, మేం ఆది ఆంధ్రులం అన్నారు. ఆ భాగ్యరెడ్డి వర్మ అంతకు ఏడేళ్ళ ముందే, 1910లో, హైదరాబాదు ఇసామియా బజారులో మన పిల్లలకి బడి తెరిచాడు. వాడలో బడి ఎవరూ దయదలిచి ఇచ్చింది కాదు. అడిగి, పోట్లాడి, మనవాళ్ళు మనమే పెట్టుకుని సాధించుకున్నది.

ఇప్పుడు దాన్ని ఎట్లా పోగొట్టుకుంటన్నామో చూడండి. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని పేట బడి నుంచి తీసి హైస్కూల్లో కలిపారు. మన బడీ అట్లాగే పోయింది. కిలోమీటరే గదా అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ కిలోమీటరులో కాలువ కట్టుంది, లారీలు తిరిగే రోడ్డుంది, 'ఏ పేట పిల్లవే నువ్వు' అని అడిగే వీధి ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు మాత్రం ఇక్కడ మిగిలారు. అక్క అటు, తమ్ముడు ఇటు అయితే కూలికి పోయే తల్లి ఎవర్ని దింపుద్ది? అందుకే ఇద్దర్నీ కలిపి పసుపుపచ్చ బస్సెక్కించారు. 2025లో ప్రభుత్వం ఆ జీవో ఎత్తేసి మోడల్ ప్రైమరీ స్కూళ్ళని కొత్త ఏర్పాటు తెచ్చింది. జీవో పోయింది గానీ, పోయిన పిల్లలు తిరిగి రాలేదు. పేర్లు మారినా లెక్క ఒకటే: పిల్లలు ఎందరో టీచర్లు అందరు. నా చిన్నప్పుడు ఈ బడిలో నలభై మంది పైన ఉండేవాళ్ళం. ఇవాళ పద్నాలుగు మంది, ఒక్క టీచరు.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. నేను పక్క మండలంలో ఇట్లాంటి పేట బడిలోనే పాఠం చెబుతాను. నా పెద్దకూతుర్ని మాత్రం బెజవాడ ప్రైవేటు బడికి పంపాను. ఒకరోజు ఒక తల్లి నన్నడిగింది: 'మేడమ్, మీ పాప ఏ బళ్ళో చదువుద్ది?' నేను నోరెత్తలేకపోయాను. ఆ జూన్‌లో ఆమె తన కొడుకుని మా బడి మాన్పించింది. తప్పు ఆమెది కాదు. నేను నమ్మని బడిని ఆమెని నమ్మమంటే ఎట్లా నమ్ముద్ది? తర్వాతేడు మా చిన్నదాన్ని నా బళ్ళోనే చేర్చాను. ఇక్కడున్న ఉద్యోగస్తులందరికీ చెబుతున్నా: మన పిల్లలు లేని బడిని మన ఉపన్యాసాలు కాపాడలేవు.

డబ్బులొస్తున్నాయి గదా అంటారు. 2020లో అమ్మ ఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. మంచిదే. అయితే ప్రైవేటు బడి పిల్లలకీ అవి ఇచ్చారు. తల్లి ఖాతాలో పడిన డబ్బు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఫీజు కౌంటరు దాకా! పైన అప్పు మనది.

ఇక చట్టం ఏమంటందో వినండి. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రైమరీ బడిలో పిల్లలు 60 మంది లోపే ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో రాసుంది. పద్నాలుగు మందే గదా, ఒక్కరు చాల్లే అనడానికి వీల్లేదు. ప్రభుత్వ బడికి స్కూలు కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తంలో సగం ఆడవాళ్ళు. మనబోటి వాళ్ళకి జనాభాని బట్టి చోటివ్వాలి. బడి ఎట్లా నడుస్తందో చూసేది, వచ్చిన నిధులు ఎట్లా ఖర్చయ్యాయో అడిగేది ఆ కమిటీయే. మధ్యాహ్న భోజనం వంటకి దళితుల్ని ముందు పెట్టుకోవాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మన అక్క వండిన అన్నం అన్ని కులాల పిల్లలూ ఒకే బంతిలో కూర్చుని తినే చోటు ఈ ఊళ్ళో ఇంకెక్కడుంది?

సర్కారు బడిలో చదువు సరిగ్గా చెప్పరంటారు. కొన్నిచోట్ల నిజమే. అయితే అడగండి. టీచరు సెల్లు చూస్తా కూర్చుంటే అడగండి. నన్నూ అడగండి. అయిదో తరగతి పిల్లోడు తెలుగు కూడబలుక్కుని చదవలేకపోతే నిలదీయండి. ఇల్లు కురిస్తే కప్పు నేయించుకుంటాం గానీ, ఇల్లు వదిలి పోతామా?

జూన్‌లో బడులు తెరుస్తారు. ఈలోపు నాలుగు పనులు చేద్దాం. ఇల్లిల్లూ తిరిగి అయిదేళ్ళు నిండిన పిల్లల పేర్లు రాద్దాం. రెండో టీచర్ని వెయ్యమని మండల విద్యాశాఖాధికారికి కాయితం పెట్టి, ముట్టినట్టు రసీదు తీసుకుందాం. కమిటీలో మన ఆడవాళ్ళు సంతకాలకే కాకుండా ప్రశ్నలకి కూర్చోవాలి. డిగ్రీ చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సాయంత్రం ఒక గంట ఈ అరుగు మీద పిల్లలకి చదువు చెప్పాలి. సెలవుల్లో మొదటి నెల నేను వస్తాను.

ఈ బడికి తాళం పడితే మళ్ళీ తెరవరు. గది రేషన్ బియ్యం బస్తాలకి పోద్ది, జాగా ఎవడో కలుపుకుంటాడు. మన పిల్ల మళ్ళీ నాటులోకి పోద్ది. మా అమ్మ చేలో నడుమెత్తి చూస్తే బడి కనపడేది. రేపు మీరు చూసినా కనపడాలి.

జై భీమ్.