ఎడిటరునందు బిల్డు ఆజ్ఞ: సౌకర్యము, భద్రత



ప్రోగ్రాములు వ్రాయుట యిప్పుడు హైదరాబాదు, బెంగుళూరులకే చెందిన వృత్తి కాదు. బందరులో నేనును, గుడివాడలో నా మేనల్లుడును ఇంటనే కూర్చుండి యీ పని చేయుచున్నాము. మావంటివారు దినమునకు అనేకపర్యాయములు నొక్కు ఒక మీటను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

ప్రోగ్రామును మొదట ఎడిటరను సాధనమునందు అక్షరములుగా వ్రాయుదుము. ఆ వ్రాతను యంత్రము నడపగల రూపమునకు దెచ్చు క్రియకు బిల్డని పేరు. నేను నేర్చుకొన్న దినములలో వ్రాత యొకచోట, బిల్డు వేఱొకచోట. ఎడిటరును మూసి, టెర్మినలు తెఱచి, ఆజ్ఞను టైపుచేసి, తప్పులున్న పంక్తుల సంఖ్యలను కాగితముపై వ్రాసికొని, మరల ఎడిటరు తెఱచి వెదకుచుంటిని. మూడవ తప్పునకు వచ్చుసరికి మొదటిదాని సంగతి మఱచిపోవుట పరిపాటి.

నిజమునకు ఈ బాధ తప్పించు ఉపాయము ఎన్నడో యున్నది. 1976లో బెల్ ప్రయోగశాలలలో స్టూవర్టు ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును నిర్మించెను. ఏ ఫైలు మాఱినచో వేనిని మరల నిర్మింపవలెనో, అందులకేయే యాజ్ఞలు నడపవలెనో, అంతయు మేక్‌ఫైలను పత్రమున నుండును. విమ్, ఈమాక్స్ ఎడిటరులు ఆ యాజ్ఞను లోపలినుండియే నడపి, తప్పుల పట్టికను ఎదుట నుంచి, కోరినచో తప్పున్న పంక్తికే మనలను గొనిపోవును. విజువల్ స్టూడియో కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కిన చాలును. ఈ సుఖము మరిగినవాడు వెనుకటి పద్ధతికి పోడు. నేనును పోను.

అయితే ఆ నడచు ఆజ్ఞ యెవరు వ్రాసినది? అది ఫోల్డరులోనే యున్నది. ఫోల్డరు నిచ్చినవాడు వ్రాసినది. నడచునది మాత్రము మన పేర, మన యధికారముతో. మనము చదువగల ఫైలు నెల్ల అదియు చదువగలదు. దివిసీమలో కాలువ చివరి రైతునకు, ఎగువ తూము తలుపు నెవరు త్రిప్పుచున్నారో తెలియనిచో ఎట్టి గుబులుండునో, మాకును అట్టి గుబులు ఉండవలసినది. ఉండుట లేదు.

నా మేనల్లునికి గతసంవత్సరము ఒక సంస్థ ప్రతినిధినని చెప్పుకొన్నవాడు ఉద్యోగ మిత్తునని వ్రాసి, పరీక్షగా నొక ఫోల్డరు పంపెను. గంటలో దోషము సవరింపవలెనట. తెఱవగానే, ఈ ఫైళ్లు వ్రాసినవారిని నమ్ముదువా యని ఎడిటరు ప్రశ్నించెను. ఈ ప్రశ్న 2021 నుండి యున్నది. తొందరలో నున్నవాడు అవునని నొక్కెను. లోపల టాస్క్స్ పత్రమున, ఫోల్డరు తెఱచినంతనే నడచునట్లు ఒక యాజ్ఞ వ్రాయబడియున్నది. బిల్డు మీటను వాడు తాకనే లేదు.

"మామయ్యా, క్రింద ఏదో నల్లగా మెరిసి మాయమైంది" అని ఫోను చేసెను. వెంటనే వైఫై తీసివేయుమంటిని. ఆ యాజ్ఞ ఎక్కడనుండియో మఱొక ప్రోగ్రామును దెచ్చి నడపినది. బ్రౌజరులో దాచిన సంకేతపదములలో అవనిగడ్డలోనున్న మా అక్కయ్య బ్యాంకు ఖాతాదియు నున్నది. ఆమె ధాన్యపు సొమ్మంతయు అందులోనే. ఆ రాత్రియే వాడు ఫోనులో చెప్పి ఖాతాను స్తంభింపజేసెను. తన యజమానికి జరిగినది దాచక తెలిపెను. యంత్రమును తుడిచి మొదటినుండి సిద్ధపఱచెను. సొమ్ము పోలేదు గాని, అక్కయ్యకు రెండుదినములు నిద్ర లేదు.

ఇట్టి బూటకపు పరీక్షలు ఉత్తర కొరియాకు సంబంధించిన ముఠాల పనియని 2023లోనే భద్రతాపరిశోధకులు ప్రకటించిరి. మావాని నెవరు మోసగించిరో యెఱుగము.

ఎడిటరుదే దోషమని కొంద ఱందురు. నేనట్లనుకొనను. టెర్మినలులో స్వహస్తముతో మేక్ అని టైపుచేసినను మేక్‌ఫైలులోని యాజ్ఞయే నడచును. కాని చదువుటకై తెఱచుట వేఱు, నడపుట వేఱు అను భేదమును ఎడిటరులు కొన్ని వేళల చెఱపినమాట నిజము. 2019లో విమ్‌నందొక లోపము బయటపడినది. అమరికలను దెలుపు మోడ్‌లైనను పంక్తిలో నేర్పుగా వ్రాసిన మాటలవలన, ఫైలు తెఱచినంతనే ఆజ్ఞ నడచుట సాధ్యమని తేలినది. దానిని త్వరలోనే సరిదిద్దిరి.

ఇప్పుడు మా మేనల్లుడు ఇతరుల ఫోల్డరును నమ్మనని చెప్పియే తెఱచుచున్నాడు. అట్లు తెఱచిన ఫోల్డరులో చదువుటకు అడ్డులేదు, ఆజ్ఞలు మాత్రము నడువవు. టాస్క్స్ పత్రమును, మేక్‌ఫైలును, ప్యాకేజి పత్రములోని స్క్రిప్టులను ముందు చదువును. నడపక తప్పనిచో, సంకేతపదములు, తాళపుచెవులు ఏవియు లేని పాత ల్యాప్‌టాపుపై నడపును. తన సొంతపనికి మాత్రము ఆ మూడు మీటలనే నొక్కుచున్నాడు.

ఆ పరీక్ష ఫలితమును వారింతవరకు తెలుపలేదు.