యంత్రానికి పెద్ద ఎవరు?

(సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు అన్న రోజుల్లో, గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో అక్కడ పాలపొడి కర్మాగారం మొదలైంది. ఆనాడు సాంకేతిక నాయకత్వం ఇంజనీర్లది. ఊళ్లో మన వంతు పాలు పోయడమే.

నేడు యంత్రం మన పాల కేంద్రానికే వచ్చింది. వెన్న శాతం క్షణాల్లో చెబుతోంది. అది తక్కువ చూపితే నష్టపోయేది లీటరు పాలు తెచ్చిన ఇల్లాలే. కనుక ఆ నాయకత్వం ఇప్పుడు మీది. యంత్రాన్ని రోజూ శుభ్రం చేయించండి. అప్పుడప్పుడు అదే నమూనాకు సభ్యుల ఎదుటే గెర్బర్ పరీక్ష జరిపి, రెండు అంకెలూ సరిచూడండి. తేడా వస్తే బాగుచేయించండి. చీటీ అడిగిన సభ్యురాలిని విసుక్కోకండి. ఆమె ప్రశ్నే సంఘానికి కాపలా.