గుర్తు వేయు రేకు

బంతిమీద తిన్నగా గీత గీయుట చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఇంట నున్న రబ్బరు బంతియు, సిరాకలమును ఒక పిల్లవాని చేతికిచ్చి, బంతి నడుమ చుట్టును గీత గీయుమని చెప్పి చూడుడు. గీత చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వచ్చి చేరదు. పైకో క్రిందికో తప్పిపోవును. గోల్ఫు ఆడువారికి ఈ చిక్కు నిత్యము కలుగుచుండును. వారి బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. మైదానమున బంతులు తఱచు ఒకే తెలుపు, ఒకే పోలిక. అందుచేత ప్రతి ఆటగాడును తన బంతిపై తనకు తెలిసిన గుర్తు వేసికొనవలెనని ఆట నియమములే చెప్పుచున్నవి. ఆ పనికై అఱచేతిలో ఇమిడెడి చిన్న పనిముట్టొకటి అంగళ్లలో అమ్ముదురు. అది బంతిని సగము కప్పెడి చిప్ప. గీతకు, బాణమునకు, చుక్కకు అందు సందులు విడిచియుండును. చిప్పను బంతికి తొడిగి, సందులో కలము నడిపి, తీసివేసిన చాలును.

చిప్ప యేల, పలుచని రేకు చాలదా యని కొందఱకు తోచవచ్చును. చాలదు. కమలాపండు తొక్కను బల్లమీద పఱచి చదును చేయ బోయినచో అది చినుగును గాని చదునుగాదు. చదునైన కాగితమును బంతిపై ముడుతలు లేకుండ పఱచుటయు అట్లే అసాధ్యము. సాగదీయక, చింపక గోళమును సమతలముగా మార్చుట కుదరదని గౌస్ అను జర్మను గణితవేత్త 1827లో నిరూపించెను. భూపటములలో గ్రీన్లాండు దేశము ఉన్నదానికన్న ఎంతో పెద్దదిగా కనబడుటకును ఇదియే మూలము. కావున గుండ్రని వస్తువుపై గుర్తు వేయదలచినచో అచ్చు కూడ గుండ్రముగానే యుండవలెను.

ఆటను ఆటగాండ్రకు విడిచి, ఆ చిప్పలోని సందును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము. ఏలయన, సందు ద్వారా గుర్తు వేయు విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము — ఈ మూడూళ్లును ఒకే రైలు దారి మీదివి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఈ దారి వెంట ఆ విద్య పలు వేషములలో కనబడును.

మొదట బస్తా మీది మార్కాను చూతము. హిందూపురము బెల్లమునకు, చింతపండునకు పేరుపొందిన బేరపు పట్టణము. ఇట్టి పట్టణములలో గోనెసంచి మీద వర్తకుని పేరును, సరకు చేరవలసిన ఊరిని వేయుటకు అక్షరములు కత్తిరించిన తగరపు రేకును వాడుట చిరకాలపు మర్యాద. రేకును సంచిపై ఆనించి, కుంచెను నిలువుగా పట్టి పొడిచినట్లు రంగు అద్దవలెను. కుంచెను ప్రక్కకు లాగినను, రంగు పలుచనైనను, అది రేకు అడుగునకు ప్రాకి అక్షరము అలుకుకొని పోవును. పది సంచులకొకమాఱు రేకు వెనుకభాగమును తుడువని పనివాడు పదునొకండవ సంచిని చెఱచును.

ఈ రేకులను కత్తిరించుటలో తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. సున్నను రేకులో కత్తిరింపుడు. చుట్టును కోసిన వెంటనే నడిమి బిళ్ల ఊడి క్రింద పడును. మిగులునది సున్న కాదు, బొక్క! దానిని నిలుపుటకు రెండు ప్రక్కల సన్నని వంతెనలు విడువవలెను. అందుచేతనే రేకుతో వేసిన సున్న రెండు అరచందమామలు ఎదురెదురుగా నిలిచినట్లుండును. ఇంగ్లీషు లిపిలో ఇట్టి మూసిన అక్షరములు కొలది. మన లిపియో గుండ్రనిది. రకారమున కొక వంతెన, సున్నకు రెండు వంతెనలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం — మూడు పేర్లలోను సున్న తప్పలేదు. హిందూపురమునకైతే రెండు! ఆ పేరును రేకులో కోసిన పనివాడు మన లిపిని గూర్చి పండితులు తలపని సంగతి నొకదానిని తెలిసికొనియే యుండును.

ఇంటిలోని ముగ్గు గొట్టము కూడ ఈ జాతిదే. చుట్టును చిల్లులు పొడిచిన గొట్టములో పిండి నింపి నేలపై దొర్లించినచో తీగయో, పువ్వుల వరుసయో పఱచుకొనును. శ్రీకృష్ణాష్టమి నాడు చిన్ని పాదములు వేయు అచ్చులును దొరకును. చుక్కలు లెక్కించి, మెలికలు తప్పక చుట్టి వేసిన ముగ్గు ముందు ఇవి వెలవెలబోవును. అయినను, తెల్లవాఱక ముందే పనికి పోవలసిన గృహిణి గొట్టము దొర్లించినచో ఆమెను తప్పు పట్టుటకు మాకు మనసొప్పదు.

అచ్చురేకు స్వభావము ఇంతవఱకు తేటపడినది. నేర్పంతయు చిల్లు కోసినవానిది. వాడువానికి నేర్పుతో పని తక్కువ. ఎవరి చేతిలో నున్నను అది ఒకే గుర్తు వేయును. అందు సుఖము కలదు, అపాయమును కలదు.

చిల్లునే నమ్ముకొని, అచ్చును నమ్ముకొనని పనివారు ధర్మవరము చెంతనే యున్నారు. నిమ్మలకుంట తోలుబొమ్మల గ్రామము. మేకచర్మమును వేడినీట శుభ్రపఱచి, గీకి, సాగదీసి ఆరబెట్టుదురు. వెలుతురు చొరబడునంత పలుచనైన తరువాత రాముని, సీతను, హనుమంతుని దానిపై వ్రాసి, రంగులు దిద్ది, చిన్న ఉలులతో చిల్లులు పొడుతురు. కిరీటము, హారము, వడ్డాణము, చీర అంచు — తెరపై నగగా మెఱయునదంతయు ఆ చిల్లే. రంగు చేయలేని పనిని రంధ్రము చేయును; దీపపు కాంతి అచ్చట రంగు కలియక నేరుగా వచ్చును గదా! ఇచ్చటను వంతెనల చిక్కు తప్పదు. చిల్లులు మఱీ దగ్గఱైనచో ఆటలో బొమ్మ మెడయో భుజమో చినుగును. తోలు ఒకచోట మందము, ఒకచోట పలుచన. ఎంత దూరము విడువవలెనో చేయి తెలిసికొనవలసినదే గాని రేకు చెప్పజాలదు. ఈ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. రాత్రియంతయు సాగు ఆటలు నేడు అరుదైనవి; ఆ చేతులు ఇప్పుడు దీపపు గుమ్మటములను, గోడకు వ్రేలాడదీయు చిత్రములను చేయుచున్నవి. బొమ్మ ఆడకున్నను చిల్లు బ్రతికినది. ఇది సగము సంతోషము.

ఇక పట్టుచీర. దాని కథ హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షిలో ఎత్తుకొనవలెను. అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండ కోశాధికారిగా ప్రసిద్ధి చెందిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు అచ్చటి వీరభద్రాలయమును విస్తరింపజేసిరని చెప్పుదురు. రాక్షసతంగడి యుద్ధము 1565లో జరిగిన పిమ్మట విజయనగర రాజ్యమునకు రాజధానియైన పెనుకొండ ఇదియే. ఆలయములోని లతామంటపమున స్తంభముల ముఖములపై తీగలు, హంసలు, పూలు, అల్లికలు చెక్కియున్నవి. ఒక ముఖము మీది అల్లిక మఱియొక ముఖము మీద లేదు. కప్పు మీది వర్ణచిత్రములలో స్త్రీల చీరల అంచులను చూచినచో నేతగాండ్రు గుమిగూడి చూడదగినంత వైవిధ్యము కలదు. చూచిరి కూడ. లేపాక్షి అల్లికలు చీరల అంచులకు, కొంగులకు దిగివచ్చినవి.

రాతి మీది హంస పట్టులోనికి వచ్చు దారి యెట్టిది? మొదట దానిని గళ్ల కాగితముపై వ్రాయుదురు. ఒక్కొక్క గడి పడుగు పోగును పేక పోగును కలిసెడి చోటు. పిమ్మట ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు పొడుతురు. ఒక్కొక్క వరుస పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలను దండగా కుట్టి మగ్గముపైని జకార్డు యంత్రమునకు తగిలింతురు. అట్టలో చిల్లున్న చోట సూది దూరిపోవును. దాని కొక్కెము నిలిచి, పడుగు పోగు పైకి లేచును. చిల్లులేని చోట అట్ట సూదిని వెనుకకు నెట్టును, పోగు లేవదు. లేచిన పోగుల క్రిందుగా జరీ పేక పాఱును. ఇట్లు అట్ట తరువాత అట్టగా హంస ముక్కు నుండి తోక దాక పెరుగును. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరపు పట్టు నేతకై జకార్డు అను నాతడు 1804 నాటికి ఈ యంత్రమును కుదిర్చెను. దీనిని చూచియే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రమునకు చిల్లుల అట్టలు వాడదలచెను. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హాలెరిత్ చిల్లుల కార్డులతోనే కూడించెను. నేటి కంప్యూటరు వంశవృక్షములో మగ్గమొక ముత్తాత.

ఆ మునిమనుమడు ఇప్పుడు మగ్గము చెంతకు తిరిగివచ్చినాడు. గళ్ల కాగితము స్థానమున కంప్యూటరు తెర వచ్చినది. కొన్ని మగ్గములకు అట్టలే లేకుండ విద్యుత్తుతో నడచు జకార్డులు వచ్చినవి. దినముల కొలది అట్టలు పొడిచిన పని గంటలలో తీఱుచున్నది. దీనిని మేము తప్పనము. అయితే ఇంతకు ముందు చెప్పిన అపాయము ఇచ్చటనే పొంచియున్నది. చిల్లుల అట్టకు యజమాని యెవరో తెలియదు. చేనేత మగ్గము కొఱకు పొడిచిన హంసను మరమగ్గము కూడ అట్లే నేయును, త్వరగా నేయును, పట్టునకు బదులు కృత్రిమపు నూలుతోనైనను నేయును. అంగడిలో రెండు చీరలును ప్రక్కప్రక్కన పెట్టినపుడు హంస రెంటను ఒకటే, ధర మాత్రము వేఱు. గుంటమగ్గములో కూర్చుండి రోజుల తరబడి నాడె విసరిన మనిషికి, ఇంటిలో కండెలు చుట్టిన అతని భార్యకు, ఆ ధర భేదమే అన్నము.

కొన్ని రకముల వస్త్రములను చేనేతకే కేటాయించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినది. అంచు, కొంగు గల పట్టుచీర వంటివి అందులోనివి. ధర్మవరము చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పట్టునకు సిల్కు మార్కు 2004లోను, చేనేతకు హ్యాండ్లూము మార్కు 2006లోను వచ్చినవి. ఈ రెంటికిని గల భేదమును మన యిండ్లలో చాలమంది గమనింపరు. సిల్కు మార్కు నూలు పట్టుదని మాత్రమే చెప్పును. చేతితో నేసినదని చెప్పదు. చేతి పని కావలెనన్నచో రెండవ గుర్తును అడుగవలెను.

గుర్తు లేని చీర ఎదురైనచో కొంగు కుచ్చు నుండి ఒక పోగును అడిగి తీసికొని కాల్చి చూడవచ్చును. పట్టు వెండ్రుక కాలిన వాసన వేసి, నలిపిన బూడిదయగును. కృత్రిమపు నూలు కరగి గట్టి పూసయై నిలుచును. చేనేతను కనిపెట్టుటకు చీర అంచులను వెలుతురునకు ఎత్తి పట్టుడు. నేయునపుడు బట్ట ముడుచుకొని పోకుండ అడ్డముగా ఒక కఱ్ఱ బిగింతురు. దాని రెండు కొనలందలి ముండ్లు అంచుల వెంట సన్నని చిల్లులు విడుచును. నేతగాడు కొంత కొంత నేసి ఆ కఱ్ఱను చేతితో జరుపుచుండును గనుక వాని యెడములు అన్నియు సమముగా నుండవు. ఇది యొక్కటే చాలిన సాక్ష్యము గాదు. మరమగ్గమునందును అంచు పట్టెడి ముండ్లుండును, కాని వాని గుర్తులు యంత్రమువలె వరుస తప్పవు. రెండు మూడు చీరలు ప్రక్కన పెట్టి చూచినచో కంటికి అలవాటగును. బేరమాడుటకు ముందు అంగడివానిని ఆ పాటి వెలుతురులోనికి చీర తెమ్మనుటకు సంకోచింపనక్కఱలేదు.