అకాలమున ఐస్‌లండు యాత్ర



యాత్రకు బయలుదేరువాడు మన దేశమున మొదట కాలమును, పిదప వసతిని విచారించును. ఈ రెండింటిని సరిగా విచారింపక దూరదేశమునకు పోయినవాని అనుభవమును నేడు మనవి చేయుదును.

2023వ సంవత్సరము అక్టోబరు మాసము చివర నేను, నా భార్య, ఐరోపాలో ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయి, అల్లుడు, నలుగురమును ఐస్‌లండు ద్వీపమును చూడబోయితిమి. జనులు అచ్చటికి జూను మొదలు ఆగస్టు వఱకు తండోపతండములుగా పోవుదురు. అప్పుడు రాత్రి యున్నను లేనట్లే. బండ్ల బాడుగలు మాత్రము ఆకాశము నంటుచుండును. అక్టోబరులో బాడుగ దిగును, జనము పలుచనగును. అందుచే మా అల్లుడు ఆ కాలము నెంచెను.

మేము బాడుగకు తీసికొన్న బండిని క్యాంపర్ వ్యాన్ అందురు. నేను ఇంటిబండి యని పేరు పెట్టితిని. ముందు మోటారు, వెనుక ఇల్లు. పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, ఇంజను నాపినను డీసెలుతో నడచుచు వెచ్చని గాలి నిచ్చు యంత్రము, అన్నియు నందే. మొదటి రాత్రి మా యింటివారు కుక్కరులో పప్పును అన్నమును వండిరి. ఆ యావిరి పోవు దారిలేక అద్దములకు పట్టి, తెల్లవారునప్పటికి పక్కబట్టలపై బొట్టుబొట్టుగా రాలినది. అది మొదలు ఎంత చలియైనను పొయ్యి వెలిగించినప్పుడెల్ల పైకిటికీ తెఱచితిమి. ఆవిరికొఱకు మాత్రమే కాదు. మూసిన బండిలో పొయ్యి మండుటచే పుట్టు విషవాయువు వాసన లేకయే ప్రాణము తీయును.

ఇట్టి బండిని మనసుపడినచోట నిలిపి పరుండవచ్చునని నేననుకొంటిని. అది తప్పు. 2015 నుండి అమలులోనున్న చట్టము ననుసరించి రాత్రి విడిదిస్థలములందే యుండవలెను, లేదా భూస్వామి యనుమతి పొందవలెను. ఆ విడుదులలో పెక్కు శరత్కాలమున మూతపడును. కనుక మా ప్రయాణమును నిర్ణయించినవి చూడదగిన వింతలు కావు, తెఱచియున్న విడుదులును, పగటి వెలుతురును. ఆ దినములలో సూర్యుడు ఎనిమిదిన్నర దాటిన పిదప ఉదయించి, సాయంకాలము అయిదున్నర ప్రాంతమున అస్తమించును. నాలుగింటికి లేచు అలవాటుగల నేను చీకటిలో కూర్చుండి ప్రాతస్సంధ్యకై నాలుగు గంటలకు పైగా కాచుకొంటిని. సంధ్య వార్చి లేచునప్పటికి భోజనమునకు పిలుపు వచ్చుచుండెను!

ద్వీపమును చుట్టివచ్చు పెద్దబాట పొడవు 1,300 కిలోమీటర్లకు పైగా నుండును. దక్షిణమున హిమానదులపై వంతెనలు కట్టిన పిమ్మట, 1974లో, ఆ చుట్టు కలిసినది. మేము దక్షిణతీరముననే తూర్పునకు పోవుచు, వీక్ అను ఊరు దాటి, కిర్క్యుబాయర్‌క్లోయిస్తుర్ అను పల్లె చేరితిమి. ఈ పేరు పలుకుటకు నాకు రెండు దినములు పట్టినది. అచ్చటివారే దానిని క్లోయిస్తుర్ అని కుదించి పిలుతురు.

అచ్చట బాటప్రక్క గాలివేగమును చూపు ఫలకములు కలవు. సెకనునకు 15 మీటర్లు దాటినచో ఎత్తైన బండ్లకు అపాయము. ఆనాడు ఫలకమున 24 అని యుండెను. అనగా గంటకు 86 కిలోమీటర్లు. అల్లుడు బండి నాపి, "మామయ్యగారూ, ఈ పూట ముందుకు పోవద్దు" అనెను. వానలేదు, మంచులేదు, ఎండ కాయుచుండెను. "నాయనా, ఎండలో గాలికి జడిసి ఆగినవారి నెచ్చటను చూడలేదు" అంటిని. మఱియొక పరుషవాక్యమును గూడ అంటిని. దానిని రేడియోలో పలుకను. అతడు మాఱుపలుకక బండిని విడిదికి త్రిప్పెను.

నేను కోపముతో దిగుచు తలుపును ఒక్క చేతితో త్రోసితిని. గాలి దానిని లాగికొని మడతబందులను వంచివేసినది. తలుపును రెండుచేతుల పట్టుకొనుడని, గాలికి విఱిగిన తలుపునకు బీమా వర్తింపదని బాడుగకిచ్చినవారు మొదటనే చెప్పియుండిరి. వినుచునే యుంటిని, ముప్పదియేండ్లు బడిలో పిల్లలకు వినికిడినిగూర్చి బోధించినవాడను! అల్లుడు త్రాడు తెచ్చి తలుపును కట్టెను. సొమ్ము మాట యెత్తలేదు. అతడు నాలుగు మాటలనినను నాకింత సిగ్గు కలిగియుండదు.

ఆ పల్లెలో రెండు దినములు నిలిచితిమి. అచ్చటి వేడినీటి ఈతకొలనులో దిగుటకు ముందు, నలుగురు చూచుచుండగా దిగంబరులై సబ్బుతో స్నానము చేయవలెను. ఆ నియమము విని నేను గట్టుననే యుంటిని. దానికి బదులు 1974లో కట్టిన ప్రార్థనామందిరమును చూచితిని. అది యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ అను పురోహితుని స్మారకము. 1783 జూను 8వ తేదీని ఆ పల్లెకు ఎగువనున్న లాకి ప్రాంతమున భూమి చీలి, ఎనిమిది నెలలు అగ్నిద్రవము పాఱెను. జులై 20వ తేదీని అది ఊరి మీదికి వచ్చుచుండగా ఆయన జనులను దేవాలయమున చేర్చి ప్రార్థన జరిపెను. ప్రవాహము ఊరు చేరక నిలిచినది. కాని విషపూరితమైన గడ్డి మేసి పశువులు చచ్చినవి. అటుపై వచ్చిన కాటకమున దేశజనులలో అయిదవవంతు నశించిరి. నేనచ్చట చాలసేపు కూర్చుంటిని. బయట గాలి తలుపును కొట్టుచునే యుండెను.

రెండవరాత్రి అల్లునితో, "నాయనా, నేను తొందరపడి మాటతూలితిని" అంటిని. అతడు, "టీ పెట్టమందురా, మామయ్యగారూ?" అని మాత్రమే యనెను.

మూడవనాడు గాలి తగ్గినది. కనుచూపుమేర నల్లని యిసుక పఱచిన స్కెయిదరార్ మైదానమును దాటితిమి. 1996 నవంబరులో, హిమము క్రింద పేలిన అగ్నిపర్వతముచే కరిగిన నీరు ఒక్కపెట్టున వెలువడి, అచ్చటి వంతెనలను కొట్టివేసెను. ఆ యినుపదూలములు రెండు, తాటినారవలె మెలికలు తిరిగి, బాటప్రక్క నేటికిని ఉన్నవి. నా తలుపు మడతబందులు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఎవరితోను చెప్పలేదు.

మధ్యాహ్నమునకు యోకుల్‌సార్లోన్ అను హిమసరస్సు చేరితిమి. నీలపు మంచుగడ్డలు నీట మెల్లగా తిరుగుచుండెను. గట్టున మేము గాక పదిమందికి మించి లేరు. నేను దిగుటకై త్రాడు విప్పబోగా, అల్లుడు ఆగుమని సైగచేసి, గాలి యెటనుండి వచ్చుచున్నదో చూచి, బండిముఖమును దాని కెదురుగా త్రిప్పెను. అట్లు నిలిపినచో గాలి తలుపును మూయునేగాని విఱువదట. అప్పుడు నేను రెండుచేతుల పట్టుకొని దిగితిని.

మాకున్న దినములు చాలక ద్వీపపు చుట్టు పూర్తిచేయలేదు. పోయిన బాటనే మరలితిమి. సెలవు.