సాఫ్ట్‌వేర్ నిర్మాణమున ఎజైల్ పద్ధతి: ఆశయము, ఆచరణము

(సంఘ వార్షికోత్సవ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



తెలుగు ఉద్యోగుల ఇండ్లలో నేడు ఒక దృశ్యము తఱచుగా కానవచ్చుచున్నది. తండ్రి కార్యాలయమునుండి వచ్చి, ఫైళ్ల సంగతి మఱచి, భోజనమునకు కూర్చుండును. హైదరాబాదు హైటెక్ సిటీలోనో, బెంగుళూరులోనో పనిచేయుచు ఇంటికి వచ్చిన కుమార్తె, "స్టాండప్ ఉన్నదమ్మా" యని కంచము ముందునుండి లేచి కంప్యూటరు ఎదుట కూర్చుండును. అమెరికాలో తెల్లవారు వేళ ఇచట రాత్రి భోజనవేళ గదా! "నిలుచుండి రెండు మాటలాడుకొనుటకు పెట్టిన సమావేశమున కూర్చుండి గంటసేపు సంజాయిషీ చెప్పుకొనుట యేమమ్మా?" యని తండ్రి అడిగినచో, ఆమె నవ్వి యూరకుండును. ఆ నవ్వునందు అలసట కలదు. పనివారికి ఊపిరి సలుపుటకై పుట్టిన పద్ధతి వారికే ఊపిరాడనీయని పద్ధతిగా ఎట్లు మాఱినదో విచారించుటయే ఈ ప్రసంగ విషయము.

మొదట పాత పద్ధతిని గూర్చి కొంత తెలిసికొనవలెను. కావలసినవెల్ల ముందుగా వ్రాసికొనుట, పిదప నమూనా గీయుట, పిదప ప్రోగ్రాము వ్రాయుట, కట్టకడపట పరీక్షించుట - ఇట్లు మెట్టు వెంబడి మెట్టు దిగుచు పోవు ఈ క్రమమునకు జలపాత పద్ధతి యని పేరు వచ్చినది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను అమెరికను ఇంజనీరు తన వ్యాసమున ఈ క్రమమును బొమ్మగీసి చూపెను. అయితే, ఉన్నదున్నట్లుగా దీనిని అనుసరించుట అపాయకరమనియు, పరీక్ష చివరకు వచ్చుటచే తప్పులు ఆలస్యముగా బయటపడుననియు ఆయనయే ఆ వ్యాసమున హెచ్చరించెను. సంస్థలు బొమ్మను గ్రహించినవి, హెచ్చరికను విడిచినవి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. ఏలనన, తరువాతి కథయు ఇట్టిదే.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను పర్వత విహారస్థలమున 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమైరి. కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్, వార్డ్ కన్నింగ్‌హామ్, రాన్ జెఫ్రీస్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్, డేవ్ థామస్ మున్నగువారు అందుండిరి. వారు వెలువరించిన చిన్న ప్రకటనకే ఎజైల్ ప్రకటన యని పేరు. విధానములకంటె మనుష్యులును వారి పరస్పర సంభాషణయు ముఖ్యమనియు, కాగితముల రాశికంటె పనిచేయు సాఫ్ట్‌వేర్ మిన్న యనియు, ఒడంబడికపై బేరమాడుటకంటె వాడుకదారుతో కలసి పనిచేయుట మేలనియు, ముందు వ్రాసికొన్న ప్రణాళికకు అంటిపెట్టుకొనుటకంటె మార్పునకు తగినట్లు నడచుకొనుట అవసరమనియు అందలి సారాంశము. కాగితములు వలదనిగాని, ప్రణాళిక వ్యర్థమనిగాని వారు చెప్పలేదు. ఏది ముందో, ఏది వెనుకో మాత్రమే చెప్పిరి. దానికి తోడు 12 సూత్రములను చేర్చిరి. ఎంతకాలమైనను అలసిపోక సాగింపగల వేగముతో పనిచేయవలె ననునదియు, పనివారిని నమ్మవలె ననునదియు ఆ సూత్రములలోనివే.

ఈ కుటుంబములో ఎక్కువ ప్రచారము పొందిన పద్ధతి స్క్రమ్. ఈ మాట రగ్బీ ఆటనుండి వచ్చినది. 1986లో తకెయుచి, నొనాకా అను జపాను పండితులు కొత్త వస్తువుల తయారీని గూర్చిన వ్యాసమున ఈ ఉపమానమును వాడిరి. 1995లో సదర్లాండ్, ష్వేబర్ అనువారు దీనిని సాఫ్ట్‌వేరునకు అన్వయించి సభాముఖమున వివరించిరి. నెలకు మించని గడువును స్ప్రింట్ అందురు. ప్రతి స్ప్రింటు చివర వాడుటకు వీలైన భాగమును చూపవలెను. చూచినవారి మాట విని తరువాతి పనిని దిద్దుకొనవలెను. తమ పనితీరును తామే సమీక్షించుకొనవలెను. నిర్మాతలు దినమునకు 15 నిమిషములు కలిసికొని ఆనాటి పనిని సరిచూచికొనవలెను. ఇంతే సంగతి. ఇందు దోషమేమియు లేదు.

దోషము అన్వయములో వచ్చినది. అది ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది, దినసరి సమావేశము హాజరుపట్టీగా మాఱుట. పనివారు ఒకరికొకరు అడ్డంకులు చెప్పుకొని తొలగించుకొనుటకు ఏర్పడిన ఆ 15 నిమిషములలో పై అధికారి వచ్చి కూర్చుండును. అప్పుడు ప్రతివాడును తోటివానితో గాక అధికారితో మాటాడును. "నిన్న ఇది చేసితిని, నేడు అది చేయుదును" అను నివేదిక మిగులును. చిక్కులున్నవని చెప్పినవాడు చేతకానివానిగా కనబడునేమో యను భయముచే చిక్కులు మఱుగుపడును. చిక్కులు చెప్పుకొనుటకు పెట్టిన సభయే వాని దాపఱికమునకు తావగును.

రెండవది, అంకెల వ్యామోహము. ఒక పని మఱియొకదానికంటె ఎంత పెద్దదో ఉజ్జాయింపుగా పోల్చుకొనుటకు స్టోరీ పాయింట్లు అను కొలత ఏర్పడినది. అది బృందమునకు స్వంత కొలత. సంస్థలు దానిని పట్టుకొని, ఈ బృందము 40 పాయింట్లు చేసినది, ఆ బృందము 30 మాత్రమే చేసినదని పోల్చనారంభించినవి. అంతట నిన్న 3 పాయింట్లైన పని నేడు 5 పాయింట్లగును. అంకె పెరుగును, పని పెరుగదు. కొలతను లక్ష్యముగా చేసినచో అది కొలతగా పనికిరాకుండ పోవునను ఈ సత్యమునకు, 1975లో దీనిని సూచించిన బ్రిటిషు ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేర గుడ్‌హార్ట్ సూత్రమని వ్యవహారము. స్టోరీ పాయింట్లను కల్పించినవాడు బహుశః తానేనని చెప్పు రాన్ జెఫ్రీస్, వాని దుర్వినియోగమును చూచి 2019లో విచారము ప్రకటించెను. స్క్రమ్ మార్గదర్శిలో సైతము 2011లో, స్ప్రింటులో ఇంత చేయుదుమను "వాగ్దానము" తొలగి "అంచనా" వచ్చినది. కాని పెక్కు కార్యాలయములలో ఆ అంచనా నేటికిని వాగ్దానముగనే చెల్లుబడి యగుచున్నది. తీరని భాగమును ఆదివారములు తీర్చుచున్నవి.

మూడవది, నైపుణ్యమును విడిచి తంతును పట్టుకొనుట. కెంట్ బెక్ ప్రచారము చేసిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అను సోదర పద్ధతి, తనంత తానుగా నడచు పరీక్షలను వ్రాయుట, ఇద్దఱు కలసి ఒక ప్రోగ్రాము వ్రాయుట, వ్రాసిన దానిని ఎప్పటికప్పుడు శుభ్రపఱచుట మొదలగు కష్టమైన అలవాట్లను కోరును. సమావేశములు పెట్టుట సులభము. ఈ అలవాట్లు కష్టము. సులభమైనది వచ్చినది, కష్టమైనది రాలేదు. తొలి నెలలలో పని పరుగిడును. పిదప చిక్కుపడిన నూలువలె ఎటు లాగినను ముడిపడును. ఈ లోపమును మార్టిన్ ఫౌలర్ 2009లోనే ఎత్తిచూపెను.

నాలుగవది, ఒడంబడిక. ఏమి చేయవలెనో, ఎన్నడు ముగింపవలెనో, ఎంత సొమ్మో మూడును ముందే ముద్రవేసి, లోపలి పనికి మాత్రము ఎజైల్ అని పేరు పెట్టుదురు. మార్పు చెప్పుటకు వాడుకదారునకు అవకాశము లేదు. చెప్పినను వేఱు బిల్లు తప్పదు. నేతిబీరకాయలో నేయి ఎంతయో ఇందు చురుకుదనము అంతయే. విదేశీ ఖాతాదారులకు నిర్ణీత ధరపై పనిచేయు కంపెనీలలోని తెలుగు యువకులకు ఈ ఇరుకు చక్కగా తెలియును.

ప్రభుత్వశాఖలలోనుండియే రెండు ఉదాహరణములు చూడవచ్చును. బ్రిటనులో ఆరు సంక్షేమ భృతులను ఒకటిగా చేయు యూనివర్సల్ క్రెడిట్ పథకమునకు 2011లో ఎజైల్ పద్ధతిని స్వీకరించిరి. అంత పెద్ద పనిలో ఆ శాఖకు ఈ పద్ధతి కొత్త. 2013 సెప్టెంబరులో ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసు వెలువరించిన నివేదిక, అప్పటికే 3 కోట్ల 40 లక్షల పౌనుల విలువగల కంప్యూటరు పని వ్యర్థముగా కొట్టివేయబడెనని తెలిపినది. మంచివార్తలనే పైకి నివేదించు అలవాటును కూడ ఆ నివేదిక తప్పుపట్టినది. ఇక అమెరికాలో ఫెడరల్ బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ వారు తమ కేసుల ఫైళ్లను కంప్యూటరునకు ఎక్కించుటకు చేసిన మొదటి ప్రయత్నము 2005లో విడువబడినది. సెంటినెల్ అను రెండవ ప్రయత్నము ఆలస్యముతో ఈడ్వబడుచుండగా, 2010లో ఆ శాఖ పనిని తన చేతిలోనికి తీసికొని, చిన్న బృందముతో రెండేసి వారముల స్ప్రింటులుగా సాగించి, 2012 జూలైలో ఉద్యోగులందఱకును అందించినది. పేరు ఒకటియే, ఫలితములు రెండు. నిర్ణయము పనిచేయువారి చేరువకు వచ్చినచోట పని నెరవేరినది. చెడువార్త పైకి పోలేనిచోట సొమ్ము పోయినది.

ఇందు అధికారులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. వారికిని పైవారున్నారు, బడ్జెటు కలదు, గడువు కలదు, ఆడిట్ కలదు. పేరు మార్చుటకు ఒక ఉత్తరువు చాలును. రెండు దినముల శిక్షణతో పట్టా కూడ లభించును. అధికారమును పంచుకొనుట మాత్రము ఉత్తరువుతో కాదు. ఎజైల్ అను మాట అంగడి సరకైపోయెనని, ప్రకటనపై సంతకము చేసినవారిలో ఒకడైన డేవ్ థామస్ 2014లో వాపోయినది ఇందులకే. ఈ పద్ధతి అన్ని పనులకును తగునని చెప్పుటయు సరికాదు. ఏమి కావలెనో స్పష్టముగా తెలిసి, మార్పులేని పనికి పాత క్రమమే చాలవచ్చును.

ఈ విషయము సాఫ్ట్‌వేర్‌వారి ఇంటిగొడవ మాత్రమే కాదు. కేంద్రప్రభుత్వ కార్యాలయములు నేడు కంప్యూటరు పనులను బయటివారిచే చేయించుచున్నవి. టెండరు వ్రాయువారును, పూర్తియైన పనిని అంగీకరించువారును ఈ సభలోనివంటి ఉద్యోగులే. అట్టివారు మూడు ప్రశ్నలు అడిగినచో మేలు. నెలకొకసారియైనను పనిచేయు భాగమును, రేపు దానిని వాడబోవు గుమాస్తాకు చూపుచున్నారా? అతడు చెప్పిన మార్పునకు ఒడంబడికలో చోటున్నదా? పని వెనుకబడినదని చెప్పినవాని మాటను కోపములేక వినుచున్నారా? ఈ మూడింటికిని అవునను జవాబు వచ్చినచో ఆ పద్ధతికి ఏ పేరు పెట్టినను నష్టము లేదు. కాదన్నచో ఏ పేరును దానిని కాపాడదు.

ఇక కుమార్తె కంచము ముందునుండి లేచినప్పుడు, "ఏమి చేసితివి?" అని కాక, "పనికి అడ్డమేమి వచ్చినది?" అని తండ్రి అడుగవలెను. ఆమె కార్యాలయమున ఎవరును అడుగని ప్రశ్న అదియే కావచ్చును.