పాత యింజనుకు కొత్త బుర్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కవిసమ్మేళనానికీ హరికథకూ నడుమ మోటారు యింజను గురించి మాట్లాడమన్నారు. వేరే వూళ్లో అయితే జంకేవాళ్లమే. కాని యిది కోయంబత్తూరు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మన జి. డి. నాయుడుగారి వూరు. లేతు చప్పుడు వినకుండా పెరిగిన పిల్లలు మన యిళ్లలో అరుదు. అంచేత ధైర్యం చేస్తున్నాము.

నిరుడు మా షెడ్డుకు మన సంఘం పెద్దాయన ఒకరు తమ అంబాసిడరు కారు తెచ్చారు. 1489 సి.సి. పెట్రోలు యింజను. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అరిగిపోయిన కార్బ్యురేటరు తీసేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను బిగించమన్నారు. మా కుర్రవాళ్లు కంప్యూటరు చదువుకున్నవాళ్లు. పెట్రోలునూ, నిప్పురవ్వనూ రెంటినీ చూసుకునే పెట్టె తెప్పించి, రెండు వారాల్లో బిగించేశారు. వూళ్లో తిరిగినంతసేపూ కారు పెళ్లికొడుకులా నడిచింది. పాలక్కాడు రోడ్డెక్కి, నలుగురు మనుషులతో జోరు పెంచేసరికి, డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు శబ్దం. తిరిగొచ్చి విప్పితే మూడో సిలిండరులో పిస్టను అంచు విరిగివున్నది.

మా పెదమామయ్య డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూసి, “ఒక ఒరలో రెండు కత్తులు దూర్చార్రా!” అన్నాడు. ఆయనకు కంప్యూటరు రాదు. తప్పు ఆయనే పట్టాడు.

డిస్ట్రిబ్యూటరు చేసే పనులు రెండు. రవ్వ ఎప్పుడు పడాలో తేల్చడం ఒకటి, దాన్ని 1-3-4-2 వరుసలో సిలిండర్లకు పంచడం రెండోది. యింజను వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పడాలి గదా. అందుకు లోపల రెండు బరువులు విచ్చుకుంటాయి, పక్కనున్న వాక్యూం డబ్బా ప్లేటును లాగుతుంది. కొత్త పెట్టె వచ్చాక మొదటి పని దానిది. మేము బరువులను కట్టెయ్యలేదు. బరువులు ఒక 20 డిగ్రీలు ముందుకు జరిపితే, ఆ సంగతి తెలియని పెట్టె తన 20 డిగ్రీలు దానికి కలిపింది. మొదటి 10తో కలిసి 50! పిస్టను విరగక ఏం చేస్తుంది?

రెండోసారి తొందరపడలేదు. స్ప్రింగులు తీసి, బరువులు కదలకుండా చిన్న ఉక్కుపట్టీతో బిగించాము. వెల్డింగు అతుకు వేసేవారున్నారు. మళ్లీ విప్పుకొనే వీలుండాలని మేము వెయ్యలేదు. పాయింట్లు తీసి సెన్సరు పెట్టాము. వాక్యూం డబ్బా తీసేసినా, అది లాగే ప్లేటును మాత్రం వుంచుకున్నాము. ఎందుకో చెప్పాలి, చాలామంది పొరపడేది యిక్కడే.

రవ్వ ముందుగా పడితే, ఆ క్షణానికి రోటరు యింకా మూతలోని కొన దగ్గరకు చేరివుండదు. మా యింజనుకు రవ్వ 10 నుంచి 34 డిగ్రీల దాకా మారుతుందనుకోండి. నడిమధ్య 22. ఒకటో సిలిండరు కంప్రెషనులో పైకి రావడానికి 22 డిగ్రీల ముందు యింజనును ఆపి, రోటరు సరిగ్గా ఒకటో కొనను చూసేట్లు డిస్ట్రిబ్యూటరు తిప్పి బిగించాము. డిస్ట్రిబ్యూటరు యింజనులో సగం వేగంతో తిరుగుతుంది గనుక రోటరు అటు 6, యిటు 6 డిగ్రీలకు మించి తప్పదు. మూత తిప్పితే సెన్సరూ తిరుగుతుంది. కాని సెన్సరు సంకేతం అంతకు చాలా ముందే, 60 డిగ్రీల దగ్గర, పెట్టెకు అందాలి, లేకుంటే లెక్కకట్టే వ్యవధి చాలదు. అందుకని సెన్సరును ఆ ప్లేటు మీద విడిగా జరిపి, స్క్రూతో బిగించాము. అమెరికా వారి ఎనిమిది సిలిండర్ల యింజనులలో కొనల మధ్య దూరం 45 డిగ్రీలే. రోటరు తప్పితే రవ్వ పక్కింటికి పోతుంది. మనకు 90 గనుక పోదు, కాని మూతలో మసిగీతలు పడి యింజను తప్పుతుంది.

సరిచూసుకోడానికి పాత మూతకు కన్నం పొడిచి, టైమింగు లైటు వేసి చూశాము. యింజను నడుస్తుండగానే రోటరు కొన ఎక్కడున్నదీ కనిపిస్తుంది. యీ చిట్కా కూడా మామయ్యదే.

రాగితీగల ప్లగ్గు వైర్లు మార్చాలి. వాటి అల్లరికి సెన్సరు లేని రవ్వలు లెక్కపెడుతుంది. ఇంజెక్షను పంపు వత్తిడి 3 బార్లుంటుంది, పాత గొట్టాలు తట్టుకోవు. నిప్పుతో చెలగాటం, యిక్కడ మాత్రం పిసినారితనం వద్దు. యింత శ్రమ వద్దనుకునేవారు డిస్ట్రిబ్యూటరును ముట్టుకోకుండా, కాయిలు నుంచి వేగసంకేతం మాత్రం తీసుకుని పెట్టెకు పెట్రోలు పని ఒక్కటే అప్పజెప్పవచ్చు. షాఫ్టు బుష్షు అరిగి వూగుతున్న డిస్ట్రిబ్యూటరు అయితే ఏ పద్ధతీ పనికిరాదు. ముందు ఆ బుష్షు మార్చండి.

విరిగిన పిస్టను ఖర్చు మేమే పెట్టుకున్నాము. పెద్దాయన ఒక్కమాట అనలేదు. అంటే కొంత తేలికపడేవాళ్లము.

కారు బయట వేపచెట్టు కింద వున్నది. కన్నం పొడిచిన మూతా, టైమింగు లైటూ పెట్టుకుని మామయ్య అక్కడే కూర్చున్నాడు. చూడదలచినవారు హరికథ అయ్యాక రండి. పచ్చడి తిన్న చేతులు మాత్రం కడుక్కుని రండి. సెలవు.