గట్టు మీది అంకెలు, పటములోని గీతలు

పొలము గట్టు తగాదా ఎరుగని గ్రామము మన ప్రాంతములో అరుదు. జానెడు నేల కొరకు అన్నదమ్ములు మాటలు మానుకొనుట, తాతల నాటి వివాదము మనుమల కాలమునకును తెగకుండుట మనము చూచుచున్నదే. వెనుక ఇట్టి తగాదాలలో సాక్ష్యము హద్దురాయి, టీపను, గ్రామ నక్షా, ఊరి పెద్దల జ్ఞాపకము. నేడు వాని సరసన ఇంకొక సాక్షి వచ్చి నిలిచినది. అది అంకెల పట్టిక.

కొలతదారు ఉపగ్రహ సంకేతములను అందుకొను పరికరముతో గట్టు వెంట నడచి, ప్రతి మూలకు రెండు అంకెలు సేకరించును. ఆ అంకెలు కంప్యూటరులోని ఎక్సెల్ పట్టికకు, అచ్చటి నుండి ఆటోక్యాడ్ వంటి పటము గీయు సాఫ్ట్‌వేరునకు చేరును. ఈ రెండు మజిలీల నడుమ ఏ పొరపాట్లు దొరలునో, వానిని ఎట్లు కనిపెట్టవలెనో నేడు మనవి చేయుదును.

ముందు ఆ అంకెలు ఏమి చెప్పునో చూతము. భూమి గుండ్రన, కాగితము చదును. కావున కొలత కొరకు భూగోళమును ఆరేసి డిగ్రీల వెడల్పుగల 60 మండలములుగా విభజించినారు. 2016 అక్టోబరు 11న ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు మూడును 44వ మండలములోనివి. దాని నడిమిరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశము. ఋణసంఖ్యలు రాకుండుటకై ఆ రేఖకు 5 లక్షల మీటర్లని విలువ కట్టినారు. జనగామ దానికి పడమర నున్నందున దాని తూర్పు అంకె 3 లక్షల పైచిలుకు. ఉత్తరపు అంకె భూమధ్యరేఖ నుండి లెక్క గనుక 19 లక్షల 60 వేలకు చేరువ. భూపాలపల్లికి వచ్చుసరికి ఉత్తరపు అంకె 20 లక్షలు దాటును. ఒక్క గుర్తు చాలును: మన మూడు జిల్లాలలో తూర్పు అంకెకు ఆరు స్థానములు, ఉత్తరపు అంకెకు ఏడు స్థానములు.

ఈ గుర్తు ఎందుకన, కొలతదారులు పెక్కుమంది పట్టికలో ఉత్తరమును ముందు, తూర్పును తరువాత వ్రాయుదురు. ఆటోక్యాడ్ మాత్రము తూర్పును ముందు, ఉత్తరమును తరువాత అడుగును. వరుస మార్చక అందించినచో సాఫ్ట్‌వేరు అభ్యంతరము చెప్పదు. పటము చక్కగా గీయును. కాని అది అద్దములోని బొమ్మ. ఈశాన్యపు మూల ఈశాన్యముననే, నైరుతి నైరుతిననే నిలుచును. వాయవ్యపు మూల మాత్రము ఆగ్నేయమునకు, ఆగ్నేయము వాయవ్యమునకు పోవును. వాయవ్యమున బావి గల రైతునకు పటములో బావి ఆగ్నేయమున కనబడును. ఇందు వింత యేమనగా, విస్తీర్ణము గుంట కూడ తేడా రాదు. గట్ల పొడవులును సరిపోవును. ఎకరములు సరిపోయినవని రైతు సంతకము చేయును. కొన్నేండ్ల తరువాత బావి ఎవరిదను ప్రశ్న పుట్టును.

రెండవది డిగ్రీల చిక్కు. 17 డిగ్రీల 30 నిమిషములనగా దశాంశములలో 17.5 కాని 17.30 కాదు. ఈ ఒక్క పొరపాటుతో స్థలము 22 కిలోమీటర్లు జరుగును. దశాంశ డిగ్రీలలో అయిదవ స్థానము ఇంచుమించు ఒక మీటరు, రెండవ స్థానము ఒక కిలోమీటరు. పట్టికలో రెండు స్థానములే కనబడునట్లు అమర్చి, కామాలతో వేరుచేసిన సాదా ఫైలుగా దాచినచో, ఎక్సెల్ కంటికి కనబడిన అంకెలనే దాచును. మిగిలిన స్థానములు ఆ ఫైలులో ఉండవు. కావున దాచుటకు ముందు స్థానములన్నియు కనబడునట్లు చేయవలెను.

మూడవ చిక్కు పాతది. 1802లో విలియం లాంబ్టన్ మదరాసులో ఆధారరేఖ కొలిచి మహా సర్వేకు ఆరంభము చేసినాడు. ఆయన తరువాత వచ్చిన జార్జి ఎవరెస్టు పేర 1830 నాటి భూగోళాకారము ఒకటి ఉన్నది. మన దేశపు పాత సర్వే పటములు దానిపై ఆధారపడినవి. నేటి ఉపగ్రహ పరికరములు వాడు ఆకారము వేరు. రెంటి నడుమ మన ప్రాంతములో నూరు మీటర్లకు పైబడిన తేడా వచ్చును. మార్పిడి చేయక పాత పటముపై కొత్త బిందువులు పరచినచో పొలము పొరుగువాని చెరువులో పడును. భూపాలపల్లి వైపు సింగరేణి గనులు, గోదావరిపై మేడిగడ్డ బ్యారేజి ఉన్నవి. అట్టి పనులకై భూసేకరణ జరుగు చోట్ల గీత జరిగినచో ఒక కుటుంబము పేరు జాబితాలో అనవసరముగా చేరును, మరియొకరి పేరు న్యాయముగా ఉండవలసియు జారిపోవును.

ఇక పని చేయు విధము. క్షేత్రము నుండి వచ్చిన అసలు ఫైలును ముట్టక, దాని నకలుపై పని చేయవలెను. బిందువు సంఖ్య, తూర్పు, ఉత్తరము, ఎత్తు, వివరము అను అయిదు గడులకు పేర్లు పెట్టవలెను. ఒక్క గడిని మాత్రము వేరుగా వరుస పెట్టరాదు. పెట్టినచో ఒక మూల తూర్పు మరొక మూల ఉత్తరముతో జతపడును. పిదప పక్కగడిలో తూర్పు, కామా, ఉత్తరము కలిపి, ఆ గడిని నకలు తీసి, గీత గీయు ఆజ్ఞ క్రింద అతికించవలెను. గట్టు వెంట నడచిన క్రమములోనే మూలలు ఉండవలెను. లేనిచో గీతలు ఒకదానినొకటి ఖండించుకొనును.

పటము పూర్తియైన పిదప మూడు పరీక్షలు. ఒకటి, ముందే అంకెలు తెలిసిన ఒక రాతిని మరల కొలిచి పటముతో పోల్చుట. రెండు, పొలము ఎదురుమూలల దూరమును టేపుతో కొలిచి చూచుట. మూడు, విస్తీర్ణమును గుంటలలోనికి మార్చి పాత పత్రముతో సరిచూచుట. 33 అడుగుల చదరము ఒక గుంట, అనగా సుమారు 101 చదరపు మీటర్లు. 40 గుంటలు ఎకరము.

ఈ మూడింటిని మించినది ఇంకొకటి ఉన్నది. దానికి కంప్యూటరు అక్కరలేదు. రైతు పటమును చేతబట్టి, తన పొలము నడుమ ఉత్తరముఖముగా నిలిచి, బావి ఎటు, బాట ఎటు, చింతచెట్టు ఎటు అని వ్రేలితో చూపి పోల్చవలెను. అద్దపు బొమ్మ పొరపాటు అక్కడ క్షణములో బయటపడును.

2025లో వచ్చిన భూభారతి చట్టములో కమతమునకు భూధార్ సంఖ్య, దస్తావేజుతో పాటు భూమి పటము అను ఏర్పాట్లున్నవి. కావున ఇకమీదట పటములోని గీతకు గట్టు మీది రాతికున్నంత బలము చేకూరనున్నది. చదువురాని రైతైనను పటముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, దానిని తన గట్టు మీద చూపుమని కొలతదారుని అడుగవలెను. అట్లు అడిగిన రైతుతో విసుగు చెందక మరల గట్టు చుట్టి వచ్చిన కొలతదారు రెండు కుటుంబముల నడుమ మాట పోకుండ కాపాడినవాడగును.